ఆ పొడుగు మాటను తోక నుంచి విప్పు

హన్మకొండ

బిడ్డా,

‘లాకడేజికల్’ (lackadaisical) అనే ఇంగ్లీషు మాటకు నోరు తిరగడం లేదని ఫోన్‌లో అన్నావు. ‘ఉత్సాహం, శ్రద్ధ లేని’ అనే అర్థం పదిసార్లు రాసుకున్నా పరీక్ష హాల్లో గుర్తుకు రాలేదన్నావు. టెన్షన్ పడకు. ఇట్లాంటి మాటను బట్టీ పట్టకూడదు, విప్పి చూడాలి. మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విడదీసి, మళ్ళీ నిలబెట్టి, 2024 శివరాత్రికి తెరిచారు కదా. ఏ రాయి దేని మీద కూర్చుందో విప్పినవాళ్ళకే తెలుస్తుంది.

తోక నుంచి మొదలుపెట్టు. చివరి ‘-అల్’ లాటిన్‌ది. దాని ముందున్న ‘-ఇక్’ గ్రీకుది. రెండూ చెప్పేది ఒకటే, ‘దానికి సంబంధించిన’ అని. మనకు దినం నుంచి దైనిక, సమాజం నుంచి సామాజిక వచ్చినట్టు. మన ‘-ఇక’, ఆ ‘-ఇక్’ ఒకే కుటుంబానివి. రెండు ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది: ‘ఎకనామిక్’ అంటే ఆర్థిక, ‘ఎకనామికల్’ అంటే పొదుపైన. ఈ జంటలను వదిలిపెట్టకు.

తోక తీస్తే ‘లాకడేజీ’ మిగులుతుంది. అందులో డేజీ పువ్వు లేదు. కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో నేను పువ్వనే చెప్పాను. ఆ పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అసలు అది ‘అలాక్ ద డే’ అనే ఏడుపు. ‘అయ్యో, ఎంత పాడు దినం’ అని. షేక్‌స్పియర్ నాటకంలో జూలియట్ చనిపోయిందనుకొని దాది ఏడ్చేది ఈ మాటతోనే. అది నోళ్ళలో నలిగి ‘లాకడే’ అయింది, ఇంకా సాగి ‘లాకడేజీ’ అయింది. అయినదానికీ కానిదానికీ అట్లా నిట్టూర్చే తీరును చెప్పడానికి తోకలు తగిలించారు. 1768లో వచ్చిన, లారెన్స్ స్టెర్న్ అనే ఇంగ్లీషు రచయిత పుస్తకంలో ఈ మాట ఉంది. నిట్టూరుస్తూ కూర్చున్న మనిషికి పని మీద మనసుండదు కదా, ఇప్పటి అర్థం అట్లా వచ్చింది. సోమరి అని మాత్రం రాయకు. లాకడేజికల్ మనిషి పని చేస్తాడు, సోయి పెట్టి చేయడు.

చాలామంది ఈ మాట మొదలును ‘లాక్స్’ అని పలుకుతారు. స్పెల్లింగ్‌లో ‘ఎక్స్’ లేదు, చూసుకో.

రోజుకు రెండు మాటలు విప్పితే చాలు. ఒక్కోదానితో మన ఇంటివాళ్ళ మీదో, మన గల్లీ మీదో ఒక వాక్యం రాయి. దసరాకు వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చుకో, సద్దుల బతుకమ్మ అయ్యాక ఇద్దరం కూర్చుందాం.

మీ తాత