పాయింట్లు సమమైతే ఎవరు ముందుకు?

ఫుట్‌బాల్ ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: 2026 ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో చైనా, థాయ్‌లాండ్ పాయింట్లూ, గోల్ తేడా కూడా సమానమే అంటున్నారు. మరి చైనా ఎలా ముందుకెళ్లింది?
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆసియా రెండో రౌండ్‌లో గ్రూప్‌కు నాలుగు జట్లు. ఒక్కో ప్రత్యర్థితో సొంతగడ్డపై ఒకటి, వాళ్ల గడ్డపై ఒకటి, మొత్తం 6 మ్యాచ్‌లు. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. మొదటి రెండు జట్లే మూడో రౌండ్‌కు వెళతాయి. పాయింట్లు సమమైతే ముందు మొత్తం గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేస్తే మిగిలేది చూస్తారు. అదీ సమమైతే కొట్టిన గోల్స్. అప్పటికీ తేలకపోతేనే ఆ జట్లు రెండూ ముఖాముఖి ఆడిన మ్యాచ్‌లు.

2024 జూన్ 11న చైనా సియోల్‌లో కొరియా చేతిలో 0-1తో ఓడి 8 పాయింట్ల దగ్గర ఆగింది. కొట్టినవి 9, ఇచ్చుకున్నవి 9. అదే రోజు బ్యాంకాక్‌లో థాయ్‌లాండ్ 3-1తో సింగపూర్‌ను ఓడించింది. దాని లెక్కా అచ్చంగా అంతే: 8 పాయింట్లు, 9 కొట్టి 9 ఇచ్చుకుంది. ఇక మిగిలింది ముఖాముఖి. బ్యాంకాక్‌లో చైనా 2-1తో గెలిచింది, షెన్‌యాంగ్‌లో 1-1 డ్రా. అలా చైనా ముందుకెళ్లింది. ఒక్క విషయం గమనించండి: 3-1 కాక 4-2 అయివున్నా తేడా మారదు, కానీ కొట్టిన గోల్స్ 10 అయ్యేవి, థాయ్‌లాండే వెళ్లేది. ఆ ఒక్క గోల్ పడకుండా చూసినవాడు సింగపూర్ గోల్‌కీపర్ హసన్ సన్నీ. ఆ రాత్రి 11 షాట్లు ఆపాడు. చైనా అభిమానులు సింగపూర్‌లో అతని కుటుంబం నడిపే నాసి లెమాక్ (కొబ్బరిపాలతో వండే అన్నం) దుకాణానికి వరస కట్టారు. రాలేనివాళ్లు అక్కడి క్యూఆర్ కోడ్‌కు డబ్బులు పంపుతుంటే, ఇక వద్దని అతనే చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: దోహాలో ఖతార్‌కు ఇచ్చిన ఆ తప్పుడు గోల్ వల్లే కదా మనవాళ్లు మూడో రౌండ్‌కు వెళ్లలేకపోయారు?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ గోల్ తప్పే. అదే రెండో రౌండ్‌లో మన గ్రూప్‌లో ఉన్నవి ఖతార్, కువైట్, అఫ్గానిస్తాన్. 2024 జూన్ 11న 37వ నిమిషంలో ఛాంగ్టే గోల్‌తో మనం 1-0 ఆధిక్యంలో ఉన్నాం. 73వ నిమిషంలో బంతి గోల్ లైన్ దాటి బయటికి పోయింది. విజిల్ వస్తుందని మనవాళ్లు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడు దాన్ని లోపలికి లాగితే యూసుఫ్ ఐమన్ గోల్ కొట్టేశాడు. ఆ మ్యాచ్‌కు వీడియో రిఫరీ లేడు. 85వ నిమిషంలో రెండో గోల్ కూడా పడి 1-2తో ఓడాం. అప్పటికి మనవి 5 పాయింట్లు. డ్రా అయివున్నా 6 అయ్యేవి. అదే రోజు అఫ్గానిస్తాన్‌ను 1-0తో ఓడించిన కువైట్‌కు 7. అంటే ఆ రోజు మనకు గెలుపొక్కటే దారి.

కానీ అసలు నష్టం గువాహటిలో జరిగింది. మార్చి 26న ఛెత్రి తన 150వ మ్యాచ్‌లో 38వ నిమిషంలో పెనాల్టీని గోల్ చేశాడు. 70వ నిమిషంలో ఒకటి, 88వ నిమిషంలో పెనాల్టీతో మరొకటి ఇచ్చుకుని అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడాం. ఆ మ్యాచ్ గెలిచివుంటే కువైట్‌తో కోల్‌కతా డ్రా తర్వాత మనకు 8 పాయింట్లు ఉండేవి. కువైట్ ఏం చేసినా 7కు మించదు. దోహాలో ఎంత తేడాతో ఓడినా రెండో స్థానం మనదే!

సొంతగడ్డపై 0-3, 1-2, 0-0. తొమ్మిదికి ఒక్క పాయింటు, ఒక్క గోల్, అదీ పెనాల్టీ. బయట తెచ్చుకున్నవే 4. ఏ జట్టయినా ఇంట్లో పాయింట్లు పోగేసుకుని బయట డ్రాలతో నెట్టుకొస్తుంది, మనం తలకిందులుగా ఆడాం. దీని ఖరీదు ప్రపంచకప్‌తోనే ఆగలేదు. మొదటి రెండు జట్లకు 2027 ఆసియా కప్ బెర్తు నేరుగా దక్కింది. మనం మళ్లీ సింగపూర్, హాంకాంగ్, బంగ్లాదేశ్‌ల గ్రూప్‌లో ఆడాల్సి వచ్చింది. అక్కడ ఒక్క జట్టుకే చోటు, అది సింగపూర్ పట్టుకుపోయింది.

ప్రశ్న: అమ్మాయిల జట్టు మంగోలియాను 13-0తో ఓడించింది. గెలుపు ఖాయమయ్యాక అన్ని గోల్స్ ఎందుకు?
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆడే జట్టు కదా, వివరంగానే చెబుతాం. 2025లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగిన ఆసియా కప్ క్వాలిఫయర్స్ ఒకే ఊళ్లో, ఒక్కో జట్టుతో ఒక్కసారే. గ్రూప్‌లో మొదటి జట్టుకే చోటు. మనవాళ్లు 13-0, 4-0, 5-0తో గెలిచారు. థాయ్‌లాండ్ 11-0, 4-0, 7-0తో గెలిచింది. కూడి చూడండి, రెండింటికీ 22 గోల్సే, ఇచ్చుకున్నవి సున్నా! మంగోలియాపై 12తో ఆగివుంటే ఆఖరి మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌కు డ్రా చాలు. రెండూ సమంగా ఉన్నందున డ్రా అయితే పెనాల్టీ షూటౌట్ జరగాలి. జూలై 5న సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్‌తో 2-1 గెలిచి ఆ అవసరం లేకుండా చేశారు.

ప్రశ్న: పసుపు కార్డులు కూడా లెక్కలోకి వస్తాయా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వస్తాయి. గోల్స్, ముఖాముఖి అన్నీ సమమయ్యాకే వాటి వంతు. 2018 ప్రపంచకప్‌లో జపాన్‌కు 4 పసుపు కార్డులు, సెనెగల్‌కు 6. మిగతావన్నీ సమానం కావడంతో జపాన్ ముందుకెళ్లింది. పోలండ్‌తో 0-1తో వెనకబడి ఉన్నా, చివరి పది నిమిషాలు జపాన్ కార్డు పడకుండా వెనకాలే బంతి తిప్పుకుంటూ గడిపింది. అటు సెనెగల్ కొలంబియాపై ఒక్క గోల్ కొట్టివుంటే జపాన్ పని అయిపోయేది.