ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివి, ప్రోగ్రామింగ్ రాకుండా బయోఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీ చేయవచ్చా?

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ముగించాననీ, ప్రోగ్రామింగ్ తెలియదు కనుక బయోఇన్ఫర్మాటిక్స్‌లో (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే రంగం) పీహెచ్‌డీకి వెళ్లడానికి జంకుతున్నాననీ మీరు రాశారు. నేనూ ఈ ఊళ్లోనే అదే చదువు చదివి ఈ పరిశోధనలోకి వచ్చాను. నిస్సందేహంగా చేయవచ్చు. లినక్స్ కమాండ్లు, పైథాన్, ఆర్ వంటి ప్రోగ్రామింగ్ భాషలు రోజూ సాధన చేస్తే కొన్ని నెలల్లోనే పని జరిగేంతగా వస్తాయి. మీరు ఇప్పటినుంచే శ్రద్ధ పెట్టవలసింది గణాంకశాస్త్రం మీద.

మనిషిలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000. క్యాన్సర్ కణజాలంలోనూ ఆరోగ్యకరమైన కణజాలంలోనూ వీటి వ్యక్తీకరణను (ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో) పోల్చి, పీ-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే సంభావ్యత) 0.05 కంటే తక్కువగా వచ్చిన ప్రతి జన్యువులోనూ తేడా ఉన్నట్లు లెక్కించామనుకోండి. నిజానికి ఏ ఒక్కదానిలోనూ తేడా లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగానే దాదాపు 1,000 జన్యువులు ఆ జాబితాలోకి వచ్చి చేరతాయి. ఇలాంటి తప్పుడు ఫలితాల నిష్పత్తిని అదుపులో ఉంచడానికి గణాంకవేత్తలు బెంజమిని, హాక్‌బర్గ్ 1995లో ప్రతిపాదించిన సవరణను ఈ రంగంలో విస్తృతంగా వాడేది ఇందుకే. అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. రోగుల నమూనాలన్నింటినీ ఒక విడతలో, ఆరోగ్యవంతుల నమూనాలన్నింటినీ మరో విడతలో సీక్వెన్సింగ్ (జన్యు పదార్థపు క్రమాన్ని చదవడం) చేసి ఉంటే, కనబడే తేడా వ్యాధి వల్ల వచ్చిందో విడత వల్ల వచ్చిందో ఏ సాఫ్ట్‌వేరూ విడదీసి చెప్పలేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వారి జియో అనే జన్యు డేటా భాండాగారంలో దొరికిన ఒక డేటాసెట్ నా అంశానికి అచ్చంగా సరిపోయినా, నమూనాల వివరాల్లో ఈ లోపం కనిపించడంతో దానిని పక్కన పెట్టాను. ఆ నిర్ణయం తీసుకోగలిగింది ప్రయోగశాలలో నమూనాలు ఎలా తయారవుతాయో తెలిసి ఉండడం వల్లనే. మీ బయోటెక్నాలజీ చదువు మీకిచ్చే బలం అదే.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జీవశాస్త్ర విభాగాలు, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ ఒకే ప్రాంగణంలో ఉండడం గొప్ప వసతి. పీహెచ్‌డీ అక్కడ చేసినా, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ట్రిపుల్ ఐటీ వంటి పరిశోధన సంస్థలు ఉన్న హైదరాబాద్‌కు వెళ్లినా, ముందుగా గణాంకశాస్త్ర అధ్యాపకులను కలిసి ఏ పాఠాలు వినాలో అడిగి తెలుసుకోండి.

ఫెలోషిప్ విషయానికి వస్తే, లైఫ్ సైన్సెస్‌లో సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే, 2023 జనవరి నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక 42,000 రూపాయలు, వాటిపై ఇంటి అద్దె భత్యం లభిస్తాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, కోర్సు వర్కుతో కలిపి పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పడుతుంది.

ఇక అంశం ఎంపిక. పీడీబీ అనే ప్రొటీన్ నిర్మాణాల భాండాగారం నుంచి ఒక ప్రొటీన్ నిర్మాణాన్ని దింపుకొని, కొన్ని మొక్కల రసాయనాలను డాకింగ్ చేసి (అవి ఆ ప్రొటీన్‌కు ఎంత బాగా అతుక్కుంటాయో కంప్యూటర్‌లో అంచనా వేసి), వచ్చిన స్కోర్లతోనే ఆగిపోయే థీసిస్‌కు దయచేసి ఒప్పుకోవద్దు. కృత్రిమ మేధ సాధనం ఆల్ఫాఫోల్డ్ అంచనా వేసిన ప్రొటీన్ నిర్మాణాలు 20 కోట్లకు పైగా ఉచితంగా దొరుకుతున్న కాలంలో, ప్రయోగంతో సరిచూడని స్కోరుకు పరిశోధనగా విలువ చాలా తక్కువ. అందుచేత గైడ్ పేరుప్రఖ్యాతుల కంటే ముందుగా, ఆయన దగ్గర మూడో నాలుగో సంవత్సరంలో ఉన్న విద్యార్థులను కలిసి, వారి డేటా ఎక్కడినుంచి వస్తోందో, ఫలితాలను ప్రయోగశాలలో ఎవరు పరీక్షిస్తున్నారో అడగండి. ఆ రెండింటికీ స్పష్టమైన సమాధానం వచ్చిన చోట చేరండి.