ఎస్సై ట్రైనింగ్‌కు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఎస్సైగా సెలెక్ట్ అయ్యావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒకటే గర్వం, ఒకటే టెన్షన్. సోమవారం అప్పా జంక్షన్ దగ్గర దిగి అకాడమీకి వెళ్తావు. పరుగు, పరేడ్, చట్టాలు వాళ్లే నేర్పుతారు. బూట్లు మాత్రం ఇప్పటినుంచే వేసుకుని నడువు.

నా భయం వేరే. ఏ స్కూల్లోనో మాల్‌లోనో ఎవడో తుపాకీతో కాలుస్తున్నాడని కాల్ వచ్చి, అందరికంటే ముందు నువ్వే చేరితే?

1999 ఏప్రిల్‌లో అమెరికాలో కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులకు దిగితే పోలీసులు త్వరగానే వచ్చారు. వచ్చి, చుట్టుముట్టి, స్వాట్ టీమ్ (అక్కడి పోలీసుల ప్రత్యేక సాయుధ దళం) కోసం ఆగిపోయారు. అప్పటి పద్ధతి అదే. మనుషుల్ని బందీలుగా పెట్టుకుని బేరమాడేవాడి విషయంలో అది పనికొస్తుంది. చంపడానికే వచ్చినవాడితో బేరమేముంటుంది? డేవ్ సాండర్స్ అనే టీచర్ పిల్లల్ని తప్పిస్తూ తూటాలు తగిలి పడిపోయాడు. ఇక్కడొకరు రక్తం కారి చనిపోతున్నారని బోర్డు మీద రాసి కిటికీలో పెట్టారు. కాల్చిన ఇద్దరూ గంటలోపే తమను తాము కాల్చుకున్నారు. ఆ సంగతి బయటున్నవాళ్లకు తెలియదు. టీచర్ దగ్గరికి పోలీసులు చేరేసరికి మూడు గంటలు దాటింది. ఆయన దక్కలేదు.

ఆ తర్వాతే, ముందు వచ్చినవాళ్లు ఆగకుండా లోపలికి వెళ్లాలన్న పద్ధతి వచ్చింది. అయినా 2022లో అదే అమెరికాలో, యువాల్డే ఊరి స్కూల్లో కాల్పులు జరిగితే పోలీసులు 77 నిమిషాలు ఆగారు. చివరికి 376 మంది పోలీసులు చేరారు. పోయినవాళ్లు 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఆ వార్త చదివి నాకు అన్నం సయించలేదు. మరుసటేడు అక్కడే నాష్‌విల్‌లో ఒక స్కూల్లో కాల్పులు జరిగితే, పోలీసులు వచ్చినవాళ్లు వచ్చినట్టే లోపలికి దూసుకెళ్లారు. మొదటి కాల్ వచ్చిన 14 నిమిషాల్లో ముగించారు.

కమాండోలున్నారు కదా అంటావేమో. 2008లో ఉగ్రవాదులు దాడి చేసిన 26/11 రాత్రి ముంబైకి కేంద్రం కమాండో దళం ఎన్‌ఎస్‌జి చేరేసరికి తెల్లారింది. అందుకే తర్వాత మన హైదరాబాద్‌లోనూ వాళ్ల హబ్ పెట్టారు. మనకు ఆక్టోపస్ అని రాష్ట్ర పోలీసుల కమాండో దళం కూడా ఉంది. కానీ సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట ట్రాఫిక్ దాటి ఎవరైనా రావాలి కదా! ముంబైలో ఆ రాత్రి ఉగ్రవాది కసబ్ తుపాకీని వట్టి చేతులతో పట్టుకుని వదలని తుకారాం ఓంబ్లే కమాండో కాదు, ఏఎస్సై.

ప్రతిదానికీ పర్మిషన్ అడిగే అలవాటు నీకుంది. అది మానుకో. లోపల కాల్పులు వినిపిస్తుంటే పై అధికారి కోసం చూడకు. ఎక్కణ్ణుంచి వెళ్తున్నావో వైర్‌లెస్ సెట్‌లో చెప్పు, పక్కన ఉన్నవాళ్లను తీసుకుని వెళ్లు. దారిలో దెబ్బతిన్నవాళ్లు కాళ్లు పట్టుకున్నా ముందు కాల్చేవాణ్ణి ఆపాలి. వాడు ఆగగానే రక్తం ఆపే పని. చేతికో కాలికో గాయమైతే, గాయం మీద కాదు, దానికి కాస్త ఎగువన గుండె వైపు గట్టిగా పట్టీ బిగించడం శ్రద్ధగా నేర్చుకో.

నుమాయిష్‌లో నిన్ను జెయింట్ వీల్ ఎక్కించి కింద వణుకుతూ నిలబడ్డవాణ్ణి, ఇప్పుడు తుపాకీకి ఎదురెళ్లమని రాస్తున్నాను తల్లీ. కాబట్టి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ బరువని జీపులో పడేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను. మఫ్టీలో ఉంటే పోలీసునని గట్టిగా అరువు. మనవాళ్ల తూటా కూడా తూటాయే.

మొదటి ఆదివారం పర్మిషన్ ఇస్తే అంబర్‌పేట రా. అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టి ఉంచింది.

నీ మామయ్య