నాన్న మతిమరుపు వయసు వల్లేనా? మెదడు కణాలు మళ్లీ పుడతాయా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్నకు 71 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. ఏడాదిగా అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. పోయిన నెల కూరగాయలకు వెళ్లి, ఏళ్ల తరబడి తిరిగిన దారిలోనే తికమకపడితే ఎవరో పుణ్యాత్ములు ఇంటికి తెచ్చి దింపారు. షుగర్ పదిహేనేళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడతారు. నిద్ర పట్టక రాత్రిపూట ఆల్ప్రాజోలామ్ వేసుకుంటారు. చెవులు కూడా సరిగ్గా వినిపించవు. వయసైతే మెదడు కణాలు చచ్చిపోతాయి, చేసేదేం లేదంటాడు మా అన్నయ్య. మెడికల్ షాపులోనేమో బ్రెయిన్ సెల్స్ పెరుగుతాయని ఖరీదైన క్యాప్సూల్స్ ఇచ్చారు. వాడొచ్చా? నాకు 44. ఈమధ్య నాకూ పేర్లు గుర్తుకు రావడం లేదు. నాకూ ఇదే వస్తుందా?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు ఆ క్యాప్సూల్స్ పక్కన పడేయండి. చచ్చిపోయిన మెదడు కణాన్ని బతికించే మందు గానీ, దాని స్థానంలో కొత్తది పుట్టించే మందు గానీ ఇప్పటిదాకా ఎక్కడా రాలేదు. మీ వీధి చివర మెడికల్ షాపులో మాత్రం ఎందుకుంటుంది? ఆ డబ్బుతో నాన్నకు చేయించాల్సిన రక్తపరీక్షలు ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

మీ అన్నయ్య మాటకు వద్దాం. వయసు మీద పడేకొద్దీ మెదడు కణాలు కుప్పలు కుప్పలుగా రాలిపోతాయన్నది పాత నమ్మకం. అసలు మెదడులో ఎన్ని కణాలున్నాయో కూడా చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలీదు, పదివేల కోట్లని పుస్తకాల్లో రాసుకుంటూ పోయారంతే. 2009లో సుజానా హెర్కులానో-హౌజెల్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త బృందం మెదడు కణజాలాన్ని ద్రవంలా మార్చి, అందులో కణ కేంద్రకాలను లెక్కపెట్టి, సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని తేల్చింది. దాదాపు అన్నే సహాయక కణాలూ ఉంటాయి, వాటి పేరు ఎవరూ ఎత్తరు గానీ సగం కథ వాటిదే. అంతకుముందే 1997లో డెన్మార్క్ పరిశోధకులు మెదడు పైపొరలో ఇరవై ఏళ్ల వయసు నుంచి తొంభై ఏళ్ల దాకా తగ్గే నాడీకణాలు ఎన్నో చూస్తే, అది సుమారు పదో వంతే. డెబ్బై ఏళ్లలో పదో వంతు! ఆ మాత్రం దానికి మనిషి ఇంటిదారి మర్చిపోడు.

మరి వయసుతో మారేది ఏమిటంటే, కణాల మధ్య ఉండే కనెక్షన్లు. ఒక్కో నాడీకణం వేల కణాలతో మాట్లాడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కొమ్మలు కొంత కురచబారతాయి, నాడీతంతువుల మీదుండే కొవ్వు తొడుగు పలచబడుతుంది, కబురు కాస్త ఆలస్యంగా చేరుతుంది. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయి, కాసేపయ్యాక మీరు గిన్నెలు సర్దుకుంటుంటే టక్కున గుర్తొస్తుంది చూడండి, అది ఇదే. పేరు లోపల ఉంది, బయటికి రావడమే లేటు. 44 ఏళ్లకు మీకున్నది ఇదైతే భయపడాల్సిన పనిలేదు. నిద్ర చాలకపోయినా, ఇంట్లో టెన్షన్ ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా, నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడుతున్నా ఇలాగే ఉంటుంది. ఒకసారి థైరాయిడ్, బి12 చూపించుకోండి చాలు.

మీ నాన్నగారిది మాత్రం వేరు. అడిగిందే అడగడం అంటే పాత విషయం ఆలస్యంగా గుర్తురావడం కాదు, కొత్త విషయం లోపలికే వెళ్లడం లేదన్నమాట. మీరు చెప్పిన జవాబు ఆయన మెదడులో నమోదే కాలేదు, అందుకే పది నిమిషాలకు మళ్లీ అడుగుతారు. (దయచేసి 'ఇందాకే చెప్పాను కదా నాన్నా' అని విసుక్కోకండి. ఆయన దృష్టిలో ఇదే మొదటిసారి.) ఈ నమోదు పని చేసేది హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం. తెలిసిన దారులు గుర్తుంచుకోవడంలోనూ దానిదే పెద్ద చేయి. ఈ రెండూ కలిసి దెబ్బతింటే మేం ముందుగా అనుమానించేది అల్జీమర్స్‌నే.

ఈ జబ్బు ఎలా మొదలవుతుందో కొంచెం చెప్పాలి. 1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టర్, మతిమరుపుతో చనిపోయిన ఓ మధ్యవయసు మహిళ మెదడును మైక్రోస్కోపులో చూసి రెండు వింతలు గమనించాడు. కణాల బయట గారలాంటి పేరుకుపోవడం, కణాల లోపల దారం చిక్కుపడ్డట్టు పోగులు. మొదటిది అమిలాయిడ్, రెండోది టావ్ అనే ప్రొటీన్లు అని చాలా తర్వాత తెలిసింది. మతిమరుపు పైకి కనిపించడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే ఇది మొదలవుతుంది. ఇక్కడే ఇందాక చెప్పిన సహాయక కణాలు వస్తాయి. వాటిలో మైక్రోగ్లియా అనే రకం ఉంది, మెదడులో చెత్త ఎత్తే పారిశుధ్య సిబ్బంది అనుకోండి. అమిలాయిడ్‌ను తినేయాల్సింది ఇవే. ఏళ్ల తరబడి ఆ పనిలో అలిసిపోయి, రెచ్చిపోయి, చెత్తతో పాటు బాగున్న కనెక్షన్లను కూడా ఊడ్చిపారేస్తాయి. కణం చావడం చివర్లో జరిగేది, కనెక్షన్లు పోవడం దానికంటే చాలా ముందు. కాబట్టి 'కణాలు పోయాయి, చేసేదేం లేదు' అనేముందు ఆయన ఏ దశలో ఉన్నారో, అసలిది ఈ జబ్బేనా కాదా చూడాలి.

ఎందుకంటే మీ ఉత్తరంలోనే నాకు మూడు వేరే అనుమానాలు కనిపించాయి.

మొదటిది మెట్‌ఫార్మిన్. మంచి మందే, ఆపమనడం లేదు. కానీ ఏళ్లకేళ్లు వాడితే ఒంట్లో బి12 తగ్గుతుంది. శాకాహారి అయినా, గ్యాస్ మాత్రలు రోజూ మింగే అలవాటున్నా ఇంకా తగ్గుతుంది. ఇందాక చెప్పిన కొవ్వు తొడుగు సరిగ్గా ఉండాలంటే బి12 కావాలి. లేకపోతే కాళ్లు తిమ్మిర్లు, తూలడం, మతిమరుపు, చిరాకు... అచ్చం డిమెన్షియాలాగే ఉంటుంది (మతి, ఆలోచన రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా తగ్గిపోవడాన్ని డిమెన్షియా అంటాం, అల్జీమర్స్ అందులో ఒక రకం). త్వరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు తేరుకుంటారు, ఆలస్యమైతే కొంత నష్టం అలాగే ఉండిపోతుంది.

రెండోది ఆల్ప్రాజోలామ్. మన దగ్గర కల్తీ కల్లులో కలిపి పట్టుబడే మత్తుమందు ఇదే, అదే మాత్ర చీటీ మీద వస్తే మాత్రం ఎవరూ అనుమానించరు! ఇది కొత్త జ్ఞాపకాలు నమోదు కాకుండా అడ్డుపడుతుంది, పెద్దవాళ్లలో పగలంతా మబ్బుగా ఉంచుతుంది, పడిపోయే ప్రమాదమూ ఉంది. అయితే రేపటి నుంచి ఆపేయకండి, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే అవకాశముంది. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

మూడోది వినికిడి. మాట సగమే వినపడితే సగమే గుర్తుంటుంది, అది ఒకటి. రెండోది ఇంకా పెద్దది: 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మార్చగలిగే కారణాలు పద్నాలుగు చెప్పింది, వాటన్నిటినీ సరిదిద్దితే సుమారు 45 శాతం కేసులను తప్పించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని అంచనా. ఆ జాబితాలో షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, ఒంటరితనంతో పాటు వినికిడి లోపం కూడా ఉంది. కళ్లజోడు పెట్టుకోవడానికి మొహమాటపడని మనవాళ్లు చెవి మెషీన్ అనగానే 'నాకేం ముసలితనం వచ్చిందా' అంటారు. కాస్త బతిమాలైనా పెట్టించండి.

న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే ఏం చేస్తారో కూడా తెలిస్తే మీకు కంగారుండదు. మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక అవి అడుగుతారు. తెల్లకాగితం మీద గడియారం వేసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. జబ్బున్నవాళ్లలో చాలామంది అంకెలు బాగానే వేస్తారు, పెద్ద ముల్లు మాత్రం రెండు మీద కాకుండా తిన్నగా పది అంకె మీద పెడతారు. ఇంకొకటి, ఏ ప్రశ్న అడిగినా తల తిప్పి పక్కన కూర్చున్న కూతురి వైపో భార్య వైపో చూస్తే అది కూడా మాకు ఒక గుర్తే. కాబట్టి ఆయన తరఫున మీరు జవాబులు అందించకండి. ఆ తర్వాత బి12, థైరాయిడ్, షుగర్, సోడియం, కిడ్నీ పరీక్షలు, అవసరాన్ని బట్టి ఎంఆర్‌ఐ. రిపోర్టులో 'ఏజ్ రిలేటెడ్ అట్రఫీ' (వయసు వల్ల మెదడు కాస్త కుంచించుకుపోవడం) అని ఉంటే హడలిపోవద్దు, ఆ వయసులో చాలామంది స్కానుల్లో ఆ మాట ఉంటుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో సన్న రక్తనాళాలు మూసుకుపోయి, తెలియకుండానే చిన్న చిన్న స్ట్రోకులు వచ్చి ఉంటాయి, స్కానులో మేం ప్రత్యేకంగా వెతికేది వాటిని. మెదడు బరువు ఒంట్లో రెండు శాతమే అయినా ఇరవై శాతం శక్తి అదే తినేస్తుంది, రక్తం తగ్గితే ముందు దెబ్బతినేదీ అదే.

ఇవన్నీ చూశాక అల్జీమర్స్ అనే తేలితే డోనెపెజిల్ లాంటి మందులున్నాయి. అవి కణాలను కాపాడవు, మిగిలిన కణాలు మాట్లాడుకోవడానికి కొంతకాలం సాయపడతాయి. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు, అలాగని తీసిపారేయొద్దు.

మీకు వస్తుందా అంటే, తండ్రికి ముదిమిలో వస్తే పిల్లలకు రిస్కు కొంచెం ఎక్కువే గానీ నుదుటిన రాసిపెట్టినట్టేం కాదు. మీ చేతిలో ఉన్నది చాలా ఉంది. అమెరికాలో 120 మంది పెద్దవాళ్ల మీద చేసిన ఓ పరిశోధన 2011లో వచ్చింది. అందులో ఏడాదిపాటు వారానికి మూడుసార్లు, నలభై నిమిషాల చొప్పున నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ రెండు శాతం పెరిగింది, నడవకుండా సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో తగ్గింది. క్యాప్సూల్స్ చేయలేని పని చెప్పులు చేశాయి. మన హైదరాబాద్‌లోనూ ఒక ముచ్చటైన సంగతి బయటపడింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో ప్రచురించింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి బతికే ఊళ్లో ఉన్నందుకు మనకో లాభం అనుకోండి. నాన్నగారు టీచర్ కాబట్టి ఇంట్లో పిల్లలకు పాఠం చెప్పే పని ఒకటి అప్పగించండి, చెప్పిందే చెప్పినా ఫరవాలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన వేసుకునే మాత్రలన్నీ, పసరు మందులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఏడాదిలో ఏ మార్పు ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకోండి. ఈ మధ్య ఎప్పుడైనా పడి తలకు దెబ్బ తగిలిందేమో గుర్తు తెచ్చుకోండి, చిన్న దెబ్బకే లోపల నెమ్మదిగా రక్తం గడ్డకట్టి వారాల తర్వాత మతి తప్పించే అవకాశముంది, అది ఆపరేషన్‌తో నయమయ్యేది. అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలు రెండే. ఒకటీ రెండు రోజుల్లోనే ఆయన ఒక్కసారిగా అయోమయంలోకి పోతే, ఇన్ఫెక్షనో షుగర్ పడిపోవడమో ఏదో ఉందని అర్థం, వెంటనే ఆసుపత్రి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. స్ట్రోక్‌లో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే సమయం. ఏ టైముకు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.