పాత తేదీ బిల్లు వద్దు, ఆసుపత్రి ఫైలు తెప్పించండి

ప్రశ్న: మా నాన్నగారికి ఊపిరితిత్తి మార్పిడి జరిగింది. తర్వాత గుండెకు స్టెంట్ కూడా వేశారు. 20 నెలల కిందట, మార్పిడి చేసిన ఆసుపత్రిలోనే బయాప్సీ (ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తే రక్తం ఆగక 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. కొబ్బరి తోట తాకట్టు పెట్టి బిల్లు కట్టాం. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్ర ఆపమని ఎవరూ చెప్పలేదు. రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ మందు ముందే వేసుంటే రక్తం కారేది కాదని నర్సుగా చేసే మా మేనకోడలు అంటోంది. మాత్రల చీటీలు పోయాయి. తెలిసిన మందుల షాపాయన పాత తేదీతో బిల్లు ఇస్తానంటున్నారు. కేసు నిలబడుతుందా?
– ఓ పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ముందు ఆ బిల్లు సంగతి. దాన్ని ముట్టుకోకండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆ బ్యాచ్ షాపుకి ఎప్పుడొచ్చిందో అవతలి లాయరు లెక్కలు తెప్పించి తేల్చేస్తారు. వినియోగదారుల కమిషన్‌లో జరిగేదీ న్యాయవిచారణే. అక్కడ దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు. పరిహారం అడగబోయిన మీరే ముద్దాయి అవుతారు.

రక్తం కారినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదు. ఈ బయాప్సీలో అది తెలిసిన ప్రమాదమే. అడ్రినలిన్ వాదనా నిలవదు. కొందరు డాక్టర్లు పలుచన చేసి ముందే వేస్తారు, కొందరు రక్తం కారినప్పుడే చల్లటి సెలైన్‌తో పాటు వాడతారు. వైద్యులు ఒప్పుకున్న రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవడం తప్పు కాదని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ కేసంతా క్లోపిడోగ్రెల్ దగ్గరే ఉంది. ఈ బయాప్సీకి ముందు దాన్ని మామూలుగా 5 నుంచి 7 రోజులు ఆపిస్తారు. స్టెంట్ ఉంటే గుండె డాక్టరుని అడిగే ఆపాలి, ఎవరూ సొంతంగా ఆపేయకండి. ఆ మాత్ర వాడుతున్నట్టు బయాప్సీ చేసిన డాక్టర్లకు తెలుసా? తేలాల్సింది ఇదే. ఆ రోజు మీ చేత సంతకం పెట్టించిన కాగితంలో ‘రక్తం పల్చబరిచే మందులు’ అన్న చోట ‘లేవు’ అని టిక్ పెట్టి ఉంటే మీ కేసు చాలా బలహీనం. ‘ఉన్నాయి’ అని ఉన్నా, ఏమీ రాయకుండా వదిలేసినా బలం మీ వైపే. నాన్నగారు చెకప్‌లకు వెళ్లేది ఆ ఆసుపత్రికే కదా! వాళ్ల ఓపీ ఫైల్లోనే ఈ మాత్ర పేరు రాసి ఉండొచ్చు. అలా ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు.

ఇన్ని నెలలు ఒక్క కాగితమూ అడక్కుండా ఎలా ఊరుకున్నారు? ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లే, అంటే మీకు మిగిలింది 4 నెలలు. లాయరు నోటీసు పంపితే గడువు ఆగిపోతుందనుకోకండి, ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ బలమైన కారణం చూపాలి. ఫైళ్లను ఆసుపత్రి 3 ఏళ్లు దాచాలన్నదే నిబంధన. అది దాటితే అడిగినా దొరక్కపోవచ్చు.

ఈ వారమే నాన్నగారి సంతకంతో మొత్తం ఫైలు కావాలని రాసి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, దరఖాస్తు నకలు దాచండి. అడిగిన 72 గంటల్లో వాళ్లు ఇవ్వాలి. కట్టిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. ఆసుపత్రి ఎక్కడున్నా మీరు ఉంటున్న జిల్లాలోనే, నాన్నగారి పేరుతో వేయవచ్చు. ఫైలు రాగానే వేరే ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి అభిప్రాయం రాయించుకోండి. అది ఆలస్యమైతే దానికోసం ఆగకండి. ముందు ఫిర్యాదు వేసి, నిపుణుల అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే అడగండి.