గాలాలకు పెట్టే పరిగెలు తెల్లారేసరికి చచ్చిపోతున్నాయి, ఏ మందు వేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా, లోయర్ మానేరు డ్యామ్ దగ్గర ఊరు. వ్యవసాయంతో పాటు, కొర్రమీను కోసం గాలాలు వేసేవాళ్లకు ఎరగా బతికున్న పరిగెలు (చిన్న చేపలు) అమ్ముతుంటాను. కాలువలో విసురు వలతో పట్టి, పెయింటు బకెట్లలో బండి మీద ఇంటికి తెస్తాను. మొన్నటిదాకా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఉంచేవాణ్ని. ఈమధ్యే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో సిమెంటు తొట్టి కట్టించి, రెండడుగుల మేర బోరు నీళ్లు నింపి, ఒక్కోసారి 8 కిలోల దాకా వదులుతున్నాను. తవుడు వేస్తున్నాను. సాయంత్రం బాగానే ఉంటాయి, తెల్లారేసరికి సగం తేలిపోతున్నాయి. మిగిలినవాటిలో కొన్నింటికి తోక తెల్లబడి ఊడిపోతోంది. దుకాణంలో ఆక్సీటెట్రాసైక్లిన్ పొడి ఇచ్చారు. ఎంత వేయాలి?

జవాబు: ముందు ఆ పొడి పక్కన పెట్టండి. ఒక్క రాత్రిలో సగం చేపలు పోయాయంటే అది రోగం పని కాదు. రోగమైతే ఈరోజు పది, రేపు ముప్పై, ఎల్లుండి వంద, ఇలా పెరుగుతూ పోతుంది. సాయంత్రం హుషారుగా తిరిగినవి పొద్దున్నే మూకుమ్మడిగా తేలాయంటే నీళ్లలో ప్రాణవాయువు అయిపోయి ఉండాలి, లేదా నీళ్లే విషమై ఉండాలి. మీరు రాసిన వివరాలు చూస్తే మీ తొట్టిలో రెండూ జరుగుతున్నట్టే ఉంది. ఈ రెండింటికీ ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ పనిచేయదు, డబ్బులు దండగ.

తొట్టి కన్నా ముందు బకెట్ సంగతి మాట్లాడాలి, ఎందుకంటే నష్టం అక్కడే మొదలవుతోంది. ఎన్ని బకెట్లలో తెస్తారో మీరు రాయలేదు గానీ బండి మీద మూడు నాలుగు బకెట్లకు మించి పట్టవు కదా, అంటే ఒక్కో దాంట్లో రెండు కిలోల చేప ఉంటోందన్నమాట. 20 లీటర్ల బకెట్లో తొణక్కుండా 15 లీటర్ల నీళ్లు పోస్తారనుకుందాం. 30 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు లీటరుకు ఏడున్నర మి.గ్రా.కు మించి ప్రాణవాయువును పట్టుకోలేవు, అంటే బకెట్ మొత్తంలో ఉన్నది 110 మి.గ్రా. చిల్లర. వలలో గింజుకుని బెదిరిపోయిన చిన్న చేపలు కిలోకి గంటకు 300 మి.గ్రా. దాకా వాడేస్తాయి. రెండు కిలోలంటే పది పన్నెండు నిమిషాల్లో ఖాళీ! బండి కుదుపులకు నీళ్లు ఎగిరి కొంత గాలి కలుస్తుంది కాబట్టే ఇంటిదాకా ప్రాణాలతో వస్తున్నాయి. కానీ ఆ దారిలో ఊపిరాడక, ఒకదానికొకటి ఒరుసుకుని, ఒంటి మీది జిగురు పోయి, పొలుసులు ఊడి వచ్చిన చేప ఆరోజే చావదు. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టి అప్పుడు చస్తుంది, మీకేమో తొట్టిలో ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది.

అందుకని పట్టిన వెంటనే ఇంటికి తేవొద్దు. చేపపిల్లలు అమ్మే రైతులను చూడండి, చెరువులోంచి లాగిన పిల్లను అప్పటికప్పుడు సంచుల్లో నింపరు. ఒక పూటో రాత్రంతానో హాపాలో, అంటే నీళ్లలో కర్రలకు కట్టిన వలపెట్టెలో, ఆకలితో ఉంచుతారు, కడుపు ఖాళీ అయ్యాక, బలహీనమైనవి పోగా మిగిలినవాటిని ఆక్సిజన్ నింపిన సంచుల్లో లారీ ఎక్కిస్తారు. మీరూ కాలువలో నీళ్లు నిదానంగా పారే చోట నాలుగు కర్రలు పాతి ఒక హాపా కట్టుకోండి. ముడుల్లేని సన్నకన్ను వల అయితే పొలుసులు ఊడవు. నిజం చెప్పాలంటే కాలువలో నీళ్లున్నన్నాళ్లు మీకు తొట్టి అవసరమే తక్కువ, సరుకంతా హాపాలో పెట్టుకుని ఆరోజు అమ్ముడుపోయేంత మాత్రమే ఇంటికి తెచ్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఎండ్రకాయలు వల కొరుకుతాయి, రోజూ చేత్తో తడిమి చూసుకోవాలి, అంతే.

తెచ్చేటప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి బకెట్‌కు తగిలించండి, అక్వేరియం సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. పంపు ఉన్నా 15 లీటర్లకు అర కిలో మించొద్దు, అదీ అరగంట ప్రయాణానికే. లీటరుకు 3 గ్రాముల లెక్కన అయోడిన్ కలపని దొడ్డుప్పు వేయండి, 15 లీటర్లకు 45 గ్రాములు. జిగురు పోయిన చేప ఒంట్లోంచి లవణాలు నీళ్లలోకి జారిపోతూ ఉంటాయి, నీళ్లలో కాస్త ఉప్పుంటే ఆ నష్టం తగ్గుతుంది. ఎండలో తేవడం మానేసి తెల్లవారుజామున తీసుకురండి. చల్లబరచాలంటే ఐసు ముక్కలు నేరుగా వేయకుండా సీసాలో నీళ్లు గడ్డ కట్టించి, మూత బిగించి, ఆ సీసాను బకెట్లో వదలండి. ఐసు ముక్కలు కరిగితే నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి, పైగా అది క్లోరిన్ నీళ్లతో చేసిన ఐసు కావచ్చు.

ఇక తొట్టి. కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది, దాంతో నీళ్ల పీహెచ్ (ఆమ్లగుణం, క్షారగుణం ఎంతో చెప్పే అంకె) ఒక్కోసారి 10 కూడా దాటుతుంది. మీరు తొట్టి కట్టించాక ఎన్నిసార్లు నీళ్లు నింపి తీసేశారో రాయలేదు, నాకు ముందు అనుమానం వచ్చింది అక్కడే. పీహెచ్ పెరిగితే చేప మొప్పలు మండటం ఒక ఎత్తు, అమ్మోనియా మరో ఎత్తు. చేప మొప్పల నుంచి ఎప్పుడూ అమ్మోనియా విడుదలవుతూనే ఉంటుంది, తినకుండా మిగిలిన తవుడు కుళ్లినా అదే వస్తుంది. ఆ అమ్మోనియా అంతా విషం కాదు. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే అందులో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు, 8 అయితే ఏడెనిమిది వంతులు, 9 అయితే నలభై దాటుతుంది. అవే చేపలు, అదే తవుడు, పాత డ్రమ్ములో బతికినవి కొత్త తొట్టిలో చావడానికి ఇదొక్క కారణం చాలు.

కాబట్టి తొట్టి ఖాళీ చేసి, నిండా నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు వదిలేయండి, తీసేసి గోడలు బ్రష్షుతో రుద్ది మళ్లీ నింపండి. ఇలా మూడు నాలుగు విడతలు చేయాలి. అరటి బోదె ముక్కలు నరికి ఆ నీళ్లలో వేసి నానబెట్టడం అలంకరణ చేపలు పెంచేవాళ్లకు అలవాటు, మీరూ వేసుకోవచ్చు, కానీ చేపలు వదిలే ముందు ఆ నీళ్లన్నీ పారబోసి కడగాలి. తర్వాత కొత్త నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి పీహెచ్ కాగితంతో చూడండి. 8.5 కన్నా తక్కువ వస్తేనే చేపలు వదలండి, అదీ ముందు ఒక పదింటిని వదిలి, మర్నాడు అవి బాగుంటేనే మిగతావి.

మీ తొట్టిలో రెండడుగుల నీళ్లంటే సుమారు 1,350 లీటర్లు. ప్రాణవాయువు నిండుగా ఉన్నాయనుకున్నా, గాలి పంపు లేకుండా 8 కిలోల చేపకు మూడు నాలుగు గంటలకు మించి సరిపోవు, పైనుంచి కలిసే గాలి కదలని నీళ్లలో చాలా తక్కువ. అసలు మీ నీళ్లు నిండుగా ఉండవు కూడా, బోరు నీళ్లలో వచ్చేటప్పుడే ప్రాణవాయువు తక్కువ, కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువ. పైపు చివర చిల్లుల డబ్బా కట్టి ఎత్తు నుంచి జల్లులా పడేలా చేసి, ఒక రోజు గాలి పట్టించి వాడుకోండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి మూత పెట్టని తొట్టిలో ఒక రోజు ఎండకు పెట్టాలి. తొట్టికి కరెంటు గాలిపంపు, కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు, రెండూ ఉండాలి, ఎందుకంటే చావులు జరిగేది రాత్రిపూట, మీరు నిద్రలో ఉన్నప్పుడు. పంపు లేనంతకాలం 2 కిలోలు దాటొద్దు, పెట్టాక 5 కిలోల దాకా ఉంచుకోవచ్చు. పైన గోనెపట్టా నీడ వేయండి. బకెట్లోంచి తొట్టిలోకి ఒక్కసారిగా గుమ్మరించకుండా, తొట్టి నీళ్లు చెంబుతో కొంచెం కొంచెంగా బకెట్లో కలుపుతూ అరగంట తీసుకోండి.

తవుడు మానేయండి. వారం లోపు అమ్ముడుపోయే చేపకు మేత లేకపోయినా ఏమీ కాదు, ఆకలితో ఉన్న చేప తక్కువ ఊపిరి పీలుస్తుంది, తక్కువ అమ్మోనియా వదులుతుంది. అంతకు మించి ఉంచాల్సి వస్తే రోజుకోసారి, ఐదు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి. రోజూ నాలుగో వంతు నీళ్లు అడుగు నుంచి తీసి కొత్తవి పెట్టండి.

తోక తెల్లబడి ఊడటం గురించి. వేడి నీళ్లలో, గీసుకుపోయిన చేపలకు పట్టే బ్యాక్టీరియా తెగులు ఇలాగే కనిపిస్తుంది, వీపు మీద కూడా బూడిదరంగు మచ్చ వచ్చి అంచులు కాస్త పసుపుగా ఉంటాయి. దీనికి మూలం ఒరిపిడి. తోక ఊడినవాటిని ఏరి పూడ్చేయండి, అవి బతకవు, గాలానికీ పనికిరావు. మిగిలినవాటిని లీటరుకు 10 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఉంచండి, పక్కనే నిలబడి చూస్తుండాలి, ఏ చేపైనా పక్కకు ఒరిగిపోతుంటే అన్నిటినీ వెంటనే మంచి నీళ్లలోకి మార్చండి. ఎప్పుడైనా సరే చేప ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. పొడి చేత్తో పట్టిన పరిగె వీపు మీద మీ వేళ్ల ముద్ర పడ్డచోట జిగురు పోయి మెరుపు తగ్గడం వెలుతురులో పెట్టి చూస్తే మీకే కనిపిస్తుంది, రెండ్రోజుల తర్వాత మచ్చ వచ్చేది సరిగ్గా అక్కడే.

మీ దగ్గర కొనేవాళ్లకు కూడా రెండు మాటలు చెప్పండి. కొర్రమీను కదిలే ఎరనే పడుతుంది, కాబట్టి గాలం గుచ్చాక కూడా పరిగె ఈదగలగాలి. వీపు రెక్క కింద, వెన్నుపూస తగలకుండా పైకండలో మాత్రమే గుచ్చాలి, వెన్ను తగిలితే అక్కడికక్కడే కొయ్యబారిపోతుంది. రెండోది, మిగిలిన పరిగెల్ని ఇంకో చెరువులో వదలొద్దని గట్టిగా చెప్పండి. చేపల ఒంటి మీద ఎర్రగా పుండ్లు పడి కండ గుంటలు పడే వ్యాధి 1988లో మన దేశంలోకి వచ్చింది, అది అన్నిటికన్నా తేలిగ్గా పట్టేది కొర్రమీనుకూ పరిగెకే, చలికాలంలో మరీ ఎక్కువ. ఎర కోసం తెచ్చిన ఒక్క పుండు పరిగె వల్ల కొర్రమీను ఉన్న చెరువంతా పాడు కావచ్చు. పుండున్న చేప కనిపిస్తే ఆ విడత మొత్తం అమ్మకుండా ఆపేయండి, నష్టమైనా సరే.

పరిగెలు దొరకని రోజుల్లో బొచ్చె, రవ్వ పిల్లల్ని ఎరగా అమ్మే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ పని చేయకండి. అవి సొసైటీల కోసం డ్యాముల్లో, చెరువుల్లో వదిలిన పిల్లలు, ఏడాది తిరిగేసరికి మీ ఊరి మత్స్యకారుల చేతికి కిలో చేపగా రావాల్సినవి. జిలేబీ (తిలాపియా) చేపపిల్లల్ని కూడా ఎరగా ఊరూరా తిప్పొద్దు, తప్పించుకున్న నాలుగు చాలు కొత్త చెరువును ఆక్రమించడానికి.

ఇవన్నీ చేశాక కూడా చావులు ఆగకపోతే నీళ్ల శాంపిల్ తీసుకుని మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకో వెళ్లండి. శాంపిల్ పొద్దున్న ఎండ రాకముందు, చావులు కనబడిన రోజే తీయాలి. లీటరు సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగ మిగలకుండా నింపి, లోపలే మూత బిగించి, తడిగుడ్డ చుట్టి ఆపూటే ఇవ్వండి. చచ్చిన చేపలు తీసుకెళ్తే పరీక్షకు పనికిరావు, కొనప్రాణంతో ఉన్నవి ఐదారు ఆ తొట్టి నీళ్లలోనే తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు నోళ్లు తెరుస్తూ పైకి రావడం మొదలైందో ఒక రాత్రి మేలుకుని చూసి రాసుకుని వెళ్తే కారణం పట్టుకోవడం వాళ్లకు తేలికవుతుంది.