స్టేజి మీద కూడా కనిపించదు, మరెందుకండీ ఈ తంటా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. నిరుడు ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ కోసమని టెక్నికల్ థియేటర్ (నాటకానికి సెట్లు, లైట్లు, సౌండ్ చూసుకునే పని) తీసుకుంది. ఒక్క ఏడాదితో అయిపోతుంది కదా అనుకున్నాం. ఇప్పుడు టెక్ క్రూ అంటూ వారానికి నాలుగు రోజులు స్కూల్లోనే ఉంటోంది. షో దగ్గర పడితే రాత్రి తొమ్మిదిన్నరకి నల్ల బట్టల్లో, చేతులకి పెయింటుతో ఇల్లు చేరుతుంది. నిచ్చెనలెక్కుతుందట, రంపం పడుతుందట. పోనీ నటిస్తుందా అంటే అదీ లేదు. స్టేజి మీద కూడా కనిపించదు. మాకు తెలిసినవాళ్ళ పిల్లలంతా రోబోటిక్స్, డిబేట్ అంటున్నారు. ఈమధ్య థియేటర్ డిజైన్‌లో బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చేస్తానని కాలేజీల పేర్లు చూపిస్తోంది. ఇప్పుడే మాన్పించాలా? బీఎఫ్ఏ మంచిదా, కంప్యూటర్ సైన్స్ చేస్తూ థియేటర్ మైనర్‌గా పెట్టుకోవడం మంచిదా, పోల్చి చెప్పండి. మాది తెనాలి. మా నాన్నగారికి పద్యనాటకాలంటే ప్రాణం. కానీ ఇది నాటకం కూడా కాదాయె."

అమ్మా, పోలిక చెబుతాను. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, మీ దిగులు కాలేజీ గురించి కాదనిపించింది. "స్టేజి మీద కూడా కనిపించదు" అన్న మాటలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, అన్నిట్లోనూ ఈ మాట ఏదో ఒక రూపంలో ఉంటుంది. పిల్ల కూచిపూడి నేర్చుకుంటే ఒకరోజు అరంగేట్రం పెడతాం, నలుగురినీ పిలుస్తాం, ఫోటోలు దిగుతాం. పడ్డ కష్టమంతా ఆ రోజు కళ్ళకి కనిపిస్తుంది. టెక్ క్రూకి అరంగేట్రం లేదు. పనిచేసేవాళ్ళు ఎవరికీ కనిపించకపోతేనే ఆ పని బాగా జరిగినట్టు. మీకు చూపించుకోవడానికి ఏమీ మిగలడం లేదు. అందుకే పిల్ల టైమంతా ఎటో పోతోందని భయం వేస్తోంది.

శాట్ పరీక్ష, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు, జీపీఏల సంగతి మీకు నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. వాటి జోలికి పోను. ముందు ఆ చీకట్లో మీ అమ్మాయి ఏం చేస్తోందో చెబుతాను.

ఒకసారి ఒక హైస్కూల్ షో జరుగుతుండగా వెనక లైట్లు, సౌండ్ నడిపే బూత్‌లో కూర్చున్నాను. పదహారేళ్ళ అమ్మాయి స్టేజ్ మేనేజర్. ముందు ప్రాంప్ట్ బుక్, అంటే మొత్తం నాటకం ప్రతి, పక్క మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్న క్యూలు, అంటే ఏ లైటు, ఏ సౌండ్ ఎప్పుడు మారాలో చెప్పే గుర్తులు. క్యూలు రోజూ మారుతుంటాయి కాబట్టి పెన్ను వాడరు. చెవికి హెడ్‌సెట్. "స్టాండ్‌బై, లైట్స్ 42, సౌండ్ 17" అంటుంది. "లైట్స్" అని ఒకళ్ళు, "సౌండ్" అని ఇంకొకళ్ళు బదులిస్తారు. సరిగ్గా ఆ డైలాగ్ దగ్గర "గో" అంటుంది. ఆ హెడ్‌సెట్ మీద "గో" అన్న మాటని మామూలు కబుర్లలో ఎవరూ వాడరు. పొరపాటున అంటే ఎవరో ఒకరు బటన్ నొక్కేస్తారు. ఆ రోజు ఒక అబ్బాయి కంగారులో పేజీన్నర డైలాగులు మింగేశాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఈ అమ్మాయి రెండు కాగితాలు తిప్పి, గొంతు కూడా పెంచకుండా, "42, 43 వదిలేయండి. స్టాండ్‌బై, లైట్స్ 44" అంది. లైటు మారింది, తలుపు చప్పుడు వినిపించింది, కథ ముందుకెళ్ళింది. హాల్లో ఒక్కరికీ తెలియలేదు. ముప్పై ఏళ్ళ ప్రాజెక్ట్ మేనేజర్లకి కూడా అంత నిదానం ఉండదు. ఇది పొగడ్త కాదు, కళ్ళారా చూసిన మాట.

లెక్కలూ ఉన్నాయి. పాత పద్ధతి డిమ్మర్ (లైటు వెలుతురు పెంచి తగ్గించే పరికరం) ఒక్కోటి సాధారణంగా 2400 వాట్లు మోస్తుంది, 120 వోల్టులు, 20 ఆంపులు కదా. స్టేజి లైటు ఒక్కోటి 750 వాట్లయితే ఒక డిమ్మర్‌కి మూడు పెట్టొచ్చు, నాలుగోది పెడితే బ్రేకర్ పడిపోతుంది. దీన్ని పిల్లలు పరీక్ష కోసం బట్టీ పట్టరు. నిచ్చెన మీద ఉండి లెక్కేసుకుంటారు. పైనుంచి వేలాడే పైపులదీ అంతే. పైపుకి లైట్లు బిగిస్తే ఆ బరువుకి సరిపడా ఇనుప దిమ్మలు కప్పీ మీదుగా పోయే తాడుకి అవతలి వైపు పేర్చాలి. లైట్లు విప్పేటప్పుడు ఏ వైపు బరువు ముందు తీయాలో తెలియకపోతే ప్రాణాల మీదికొస్తుంది. ఫిజిక్స్ పుస్తకంలో కప్పీలు చదివిన పిల్లలు లక్షలమంది ఉంటారు. కప్పీకి నిజంగా భయపడటం నేర్చుకున్నవాళ్ళు తక్కువ.

మీ టెక్సస్‌లోనే స్కూళ్ళ పోటీలు నడిపే యూఐఎల్ సంస్థ వన్ యాక్ట్ ప్లే (ఏకాంకిక) పోటీ ఉంది, 1927 నుంచి జరుగుతోంది. నాటకం 40 నిమిషాలు దాటకూడదు. సెట్ పెట్టడానికి ఏడు నిమిషాలు, తీయడానికి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల కోసం పిల్లలు వారాల తరబడి స్టాప్‌వాచ్ పెట్టుకుని సాధన చేస్తారు, ఎవరు ఏ బల్ల ఏ వైపు పట్టుకోవాలో కూడా ముందే అనుకుంటారు. "ఇది నాటకం కూడా కాదాయె" అన్నారు. మీ నాన్నగారిని అడగండమ్మా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివాళ్ళ నాటకాలు జనం ఎందుకు ఎగబడి చూశారు? పద్యాల కోసమే కాదు. మాయలు, మంటలు, గాలిలో ఎగిరే పాత్రలు, రెప్పపాటులో మారే తెరల కోసం కూడా. ఆ తీగ లాగినవాళ్ళు, ఆ తెర వేసినవాళ్ళు ఆ కుటుంబాల పిల్లలే. మీ అమ్మాయి చేసే పని మన తెలుగువాళ్ళకి కొత్తదేం కాదు.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: మాన్పించకండి. లెవెన్త్‌లో కోర్సుల భారం పెరుగుతుంది, నిజమే. అప్పుడు ఏడాదికి నాలుగు షోలకి బదులు రెండు చేయమనండి. నిద్ర ఆరు గంటల కంటే తగ్గితే ఒక షో వదిలేయాలని ముందే మాట తీసుకోండి. మార్కులు నిజంగా పడిపోతే మాట్లాడాలి. కానీ మార్కులు తగ్గాయని మీరు ఎక్కడా రాయలేదు. తగ్గి ఉంటే ఉత్తరం మొదటి వాక్యంలోనే రాసేవారు.

ఇప్పుడు కొంచెం కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. "నిచ్చెనలెక్కుతుందట, రంపం పడుతుందట" అని రాశారు. ఆ "అట" దగ్గర నాకు కష్టం కలిగింది. దాదాపు రెండేళ్ళుగా పిల్ల చేస్తున్న పని మీకు ఇంకా ఎవరో చెప్పిన మాటేనా? ఒక్క షో అయినా చూశారా? చూసి ఉంటే దాని పేరో, అందులో ఒక్క సీనో రాసి ఉండేవారు. పిల్ల రాత్రి ఇంటికొచ్చాక "అన్నం తిన్నావా" తర్వాత మీరు అడిగే రెండో ప్రశ్న ఏమిటి? హోంవర్క్ అయిందా అనే కదా? వాళ్ళ నాన్నగారు ఈ మాటెత్తితే లేచి వెళ్ళిపోతారని కూడా ఉత్తరంలో ఇంకోచోట రాశారు. పదిహేనేళ్ళ పిల్లకి ఇంట్లో ఈ సంగతి మాట్లాడే మనిషే లేకపోతే, ఆమె చూపించే కాలేజీలు మీ ఇంటికి ఎంత దూరంలో ఉన్నాయో ఒకసారి మ్యాప్‌లో చూడండి.

మీ భయాల్లో ఒకటి మాత్రం న్యాయమైనది. ప్రమాదం. టీచర్‌ని నేరుగా అడగండి. రంపం ముట్టుకునే ముందు ట్రైనింగ్ ఇస్తారా? కళ్ళద్దాలు పెట్టిస్తారా? జీనీ లిఫ్ట్ (మనిషిని పైకెత్తే యంత్రం) ఎక్కేటప్పుడు, పైన బరువులు మార్చేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉంటారా? పిల్లల్ని సెట్లు చేసే షాపులో ఒంటరిగా వదిలేస్తారా? మంచి టీచర్ ఈ ప్రశ్నలకి సంతోషిస్తారు. విసుక్కుంటే అప్పుడు ఆలోచించాల్సిందే. ఆడపిల్ల కాబట్టి నిచ్చెన వద్దంటే మాత్రం నేను మీ వైపు లేను.

ఇక బీఎఫ్ఏ. ఇక్కడ మీకూ మీ అమ్మాయికీ ఇద్దరికీ నచ్చని మాటలు చెప్పాలి.

ఈ కోర్సులు మంచివే. కార్నెగీ మెలన్‌లో 1914 నుంచి డ్రామా డిగ్రీ ఉంది, అక్కడ చదివినవాళ్ళు ఎంతోమంది ఈ రంగంలో ఉన్నారు. నా అనుమానం చదువు నాణ్యత మీద కాదు, దాని ధర మీద. ఈ రంగంలో పని చాలావరకు షో నుంచి షోకి దొరుకుతుంది. ఒక షో అయిపోతే మళ్ళీ ఫోన్లు చేసుకోవాలి. ఈ దేశంలో హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో ముడిపడి ఉంటుందని మీకు తెలుసు. 2020 మార్చి 12న బ్రాడ్వే మూతపడింది. పెద్ద షోలు మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరులో. ఆ ఏడాదిన్నర స్టేజి వెనక పనిచేసేవాళ్ళు ఎలా బతికారో నేను దగ్గర నుంచి విన్నాను. అప్పు లేనివాళ్ళు తట్టుకున్నారు. ప్రైవేట్ యూనివర్సిటీ అప్పు నెత్తిన ఉన్నవాళ్ళు రంగమే వదిలేశారు. ఇంకోటి, ఈ పనిలో అడిగేది డిగ్రీ కంటే చేసిన షోలు. స్టేజి కార్మికుల యూనియన్ ఐఏటీఎస్ఈ 1893 నుంచి ఉంది. రిగ్గింగ్‌కి, స్టేజి ఎలక్ట్రీషియన్లకి విడిగా ఈటీసీపీ సర్టిఫికెట్లున్నాయి. డిజైనర్ కావాలంటే డిగ్రీ బాగా సాయపడుతుంది. కానీ మీ అమ్మాయికి డిజైన్ ఇష్టమా, నడిపించడం ఇష్టమా, వైర్లు బిగించడం ఇష్టమా అన్నది పదిహేనేళ్ళకి ఆమెకే తెలియదు. బీఎఫ్ఏలో మొదటి ఏడాది నుంచే దారి ఇరుకవుతుంది. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి లైటింగ్ బీఎఫ్ఏలో చేరి, మూడో ఏడాదికి తనకి ఇష్టమైనది లైట్లు కాదు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అని తెలుసుకున్నాడు. కోర్సు మారితే చాలా క్రెడిట్లు పనికిరాకుండా పోయాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి మీరు రాయనే లేదు. మీ అమ్మాయి ఇక్కడ పుట్టిందా, గ్రీన్ కార్డ్ ఉందా, హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉందా? మనవాళ్ళ ఇళ్ళల్లో కెరీర్ గురించి గంటలు మాట్లాడతారు, దీన్ని మాత్రం దాటేస్తారు. హెచ్-4 అయితే ఇప్పుడు స్కూల్లో చేసేదానికి అడ్డేమీ లేదు. వేసవిలో డబ్బు తీసుకుని స్టేజి పని చేయడానికి మాత్రం వీల్లేదు. 21 ఏళ్ళు నిండాక ఆ స్టేటస్ ఉండదు, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాల్సి రావచ్చు. డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే ఎఫ్-1 మీద పనిచేసే అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీకైతే మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. థియేటర్ డిగ్రీలు సాధారణంగా ఆ జాబితాలోకి రావు. షో నుంచి షోకి తిరిగే ఫ్రీలాన్స్ పనికి హెచ్-1బీ స్పాన్సర్ దొరకడం కష్టం. మీది ఆ పరిస్థితి అయితే బీఎఫ్ఏ గురించి నా అనుమానం అనుమానంగా ఉండదు, వద్దనే చెబుతాను. పిల్లకి ఇది ఈ ఏడాదే చెప్పండి, కాలేజీలకి అప్లై చేసే రోజు కాదు.

మీరడిగిన పోలిక అంటే, వీసా ఇబ్బంది లేకుండా, అప్పు లేకుండా చదివించగలిగితే బీఎఫ్ఏ ఫర్వాలేదు. లేదంటే కంప్యూటర్ సైన్సో ఇంజనీరింగో చదువుతూ క్యాంపస్ థియేటర్‌లో పనిచేయడం మేలు. చాలాచోట్ల వేరే మేజర్ పిల్లల్ని క్రూలోకి సంతోషంగా తీసుకుంటారు. ఈ రెంటికీ మధ్య దారులు కూడా ఉన్నాయి. యూటీ ఆస్టిన్‌లో ఆర్ట్స్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీస్ అని బీఎస్ ఉంది. మిషిగన్ టెక్‌లో థియేటర్ టెక్నాలజీ, ఆడియో కోర్సులున్నాయి. ఒక్క మాట, కంప్యూటర్ సైన్స్ అంటే పిల్లకి ఇష్టమో కాదో కూడా మీరు రాయలేదు. ఇష్టం లేకపోతే అదీ సేఫ్ కాదు. పనులు కూడా బ్రాడ్వేలోనే ఉంటాయనుకోకండి. కన్వెన్షన్ సెంటర్లు, హోటళ్ళ ఈవెంట్లు, మీ టెక్సస్‌లోని పెద్ద పెద్ద చర్చిలు, అన్నిటికీ లైట్లూ సౌండూ తెలిసినవాళ్ళు కావాలి.

అడ్మిషన్‌కి ఇది పనికొస్తుందా అని దిగులు పడకండి. నాలుగేళ్ళు ఒకే పని పట్టుకుని, చివరికి పదిమందిని నడిపించే స్థాయికి వచ్చిన పిల్ల దరఖాస్తు బలంగానే ఉంటుంది. దీన్ని "ప్యాషన్ ప్రాజెక్ట్"గా మారుస్తాం, ఒక సంస్థ పెట్టిద్దాం అంటూ వేల డాలర్లు అడిగే కన్సల్టెంట్ల దగ్గరికి మాత్రం వెళ్ళకండి. చేసినదాన్ని దాచుకుంటే చాలు. సెట్ కట్టక ముందు, కట్టాక తీసిన ఫోటోలు, లైట్ ప్లాట్ (ఏ లైటు ఎక్కడో చూపే పటం), క్యూ షీట్లు, పెన్సిల్ గీతలతో సహా ప్రాంప్ట్ బుక్ పేజీలు ఒక ఫోల్డర్‌లో పెట్టమనండి. రేపు బీఎఫ్ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా పోర్ట్‌ఫోలియో అంటే ఇదే.

మీ తెలుగు సంఘంలో ఉగాది కార్యక్రమం చేస్తారు కదా? ఈసారి సౌండ్ బాధ్యత మీ అమ్మాయికి, ఆమె ఫ్రెండ్స్ ఇద్దరికి ఇప్పించండి. పద్యం మధ్యలో మైక్ కీచుమనకుండా పిల్లలు ఏం చేస్తారో వాళ్ళ నాన్నగారు కూడా చూస్తారు.

దానికంటే ముందు స్కూల్లో వచ్చే షోకి రెండు టికెట్లు కొనండి. ముందు వరస వద్దు, వెనక బూత్ పక్కన అడగండి. లైటు మారిన ప్రతిసారీ స్టేజి వైపు కాకుండా ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. షో అయ్యాక ఇంటికెళ్ళే దారిలో, కారులో, ఏ క్యూ కష్టమైందో అడగండి. తర్వాత నాకు మళ్ళీ రాయండి, వీసా సంగతితో సహా. అప్పుడు కాలేజీల పేర్లు ఒక్కొక్కటిగా చూద్దాం.